ఆటస్థలంలో ఆడపిల్ల వాటా

మధ్యాహ్నం మూడు గంటలు దాటింది. బడి గంట మోగింది. పసుపు రంగు బస్సులు వరసగా కదిలి వెళ్లాయి. అయినా బడి ఖాళీ కాలేదు. చాలామంది పిల్లలు ఇళ్లకు పోలేదు. పుస్తకాల సంచులు పక్కన పెట్టారు. బూట్లు మార్చుకున్నారు. మైదానంలోకి పరుగు తీశారు.

ఇది అమెరికా దేశంలో ఒక ప్రభుత్వ హైస్కూలు. పెద్ద పట్నం పక్కన, శివారులో ఉన్న చిన్న బడి. ఇలాంటి బళ్లు ఆ దేశంలో వేల సంఖ్యలో ఉన్నాయి. మన తెలుగు జిల్లాల నుంచి వెళ్లిన కుటుంబాలు చాలావరకు ఇలాంటి శివారు ఊళ్లలోనే కాపురాలు పెట్టాయి. వాళ్ల పిల్లలు ఈ బళ్లకే వెళ్తారు. కూతురికి పురుడు పోయడానికో, మనవలను చూసుకోవడానికో ఇక్కడి నుంచి వెళ్లే అమ్మమ్మలకు, నాయనమ్మలకు ఈ బడి వింతగా కనిపిస్తుంది.

అలా ఒక అమ్మమ్మ వెళ్లిందనుకుందాం. ఆమె తమ ఊళ్లో రాత్రి బడికి వెళ్లి, నలభై ఏళ్ల వయసులో చదవడం నేర్చుకున్న మనిషి. సాయంత్రం అయిదయింది. మనవరాలు ఇంటికి రాలేదు. ఆమెకు కాలు నిలవలేదు.

"ఏమే, పిల్ల ఇంకా రాలేదేంటి?"

"ప్రాక్టీసు ఉందమ్మా. ఆరింటికి వస్తుంది."

"ఏం ప్రాక్టీసు?"

"వాలీబాల్. బడి తరఫున ఆడుతోంది."

"చదువుకునే పిల్లకు బంతాటలేంటే? టీచర్లు ఊరుకుంటారా?"

"ఊరుకోవడం కాదమ్మా, వాళ్లే ఆడిస్తారు. లెక్కలు చెప్పే టీచరమ్మే ఆట కూడా నేర్పిస్తుంది. మార్కులు తగ్గితే మాత్రం ఆట ఆపేస్తారు."

అమ్మమ్మకు ఇది నమ్మబుద్ధి కాలేదు. బడి అంటే చదువు. ఆట అంటే చదువు ఎగ్గొట్టడం. ఆమె అనుకున్నది అదీ. తప్పు ఆమెది కాదు. ఆమె ఊరి హైస్కూల్లో ఒక డ్రిల్లు మాస్టారు ఉండేవాడు. మైదానం ఉండేది. అందులో మగపిల్లలు ఆడేవాళ్లు. ఆడపిల్లలు గోడ పక్కన నిలబడి చూసేవాళ్లు.

అమెరికాలోనూ మొన్నమొన్నటి దాకా అంతే. ఆ సంగతి తరువాత చూద్దాం. ముందు ఆ బడి ఎలా నడుస్తుందో చూడాలి.

బడి ఊరిది

అక్కడ హైస్కూలు అంటే 9 నుంచి 12 తరగతుల దాకా. పిల్లల వయసు 14 నుంచి 18 ఏళ్లు. ప్రభుత్వ బడిలో చదువుకు జీతం కట్టక్కర్లేదు. ఆ ఊళ్లో కాపురం ఉంటే చాలు, పిల్లను చేర్చుకోవాల్సిందే.

బడికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? చాలా చోట్ల పెద్ద భాగం ఊరివాళ్లు కట్టే ఇంటి పన్ను నుంచి వస్తుంది. మరో పెద్ద భాగం రాష్ట్ర ప్రభుత్వం ఇస్తుంది. ఢిల్లీ లాంటి వాళ్ల కేంద్ర ప్రభుత్వం, అంటే వాషింగ్టన్, ఇచ్చేది కొంచెమే. ఆ కొంచెం డబ్బును గుర్తు పెట్టుకోండి. ఈ కథ అంతా దాని మీదే తిరుగుతుంది.

బడిని నడిపేది స్కూలు బోర్డు. చాలా ఊళ్లలో ఆ బోర్డు సభ్యులను ఓట్లు వేసి ఎన్నుకుంటారు. మనం వార్డు మెంబరును ఎన్నుకున్నట్టే. బోర్డు సమావేశం తలుపులు మూసి జరగదు. ఊరివాళ్లు వెళ్లి కూర్చోవచ్చు. చాలా చోట్ల లేచి రెండు మూడు నిమిషాలు మాట్లాడవచ్చు కూడా. "మా అమ్మాయి ఆడే మైదానంలో గుంటలున్నాయి" అని ఒక తల్లి మైకు ముందు చెబితే, ఆ మాట సమావేశం రిజిస్టరులోకి ఎక్కుతుంది.

ఇక ఆటలు. ఏడాదిలో మూడు ఆటల కాలాలు ఉంటాయి. బడి తెరిచే ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఒకటి. చలికాలంలో ఒకటి. మంచు కరిగాక మార్చి నుంచి మే దాకా ఇంకొకటి. ఒక్కో కాలానికి ఒక్కో రకం ఆటలు. మొదటి కాలంలో ఫుట్‌బాల్, వాలీబాల్, దూరం పరుగు. చలికాలంలో కప్పు కింద ఆడే బాస్కెట్‌బాల్, కుస్తీ, కొన్ని బళ్లలో ఈత. ఎండలు వచ్చాక బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్, పరుగు పందాలు.

వాళ్ల ఫుట్‌బాల్ మనం కాలితో తన్నే ఆట కాదు. పెద్ద కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చంకలో ఇరికించుకుని పరుగెత్తే ఆట. అవతలి పక్షం వాళ్లు మీద పడి కింద పడేస్తారు. అందుకే తలకు గట్టి టోపీ, భుజాలకు దిండ్లు. శుక్రవారం రాత్రి ఈ ఆట ఉంటే చాలా చోట్ల ఊరు ఊరంతా మైదానంలోనే ఉంటుంది. బడి బ్యాండు మేళం వాయిస్తుంది. తల్లిదండ్రులు చిన్న కొట్టు పెట్టి మొక్కజొన్న పేలాలు, డ్రింకులు అమ్ముతారు. ఆ లాభం ఆటల ఖర్చుకు పోతుంది. మన ఊరి తిరనాళ్ల సందడి చూసినవాళ్లకు ఆ సందడి తేలిగ్గానే అర్థమవుతుంది.

చిన్న బడిలో ఒక మేలు ఉంది. రెండు వేల మంది ఉన్న బడిలో బాస్కెట్‌బాల్ జట్టుకు వందమంది పోటీ పడితే పదిహేను మందిని తీసుకుంటారు. మిగతావాళ్లు ఇంటికే. నాలుగు వందల మంది ఉన్న బడిలో అలా కాదు. జట్టు నిండాలంటే వచ్చిన పిల్లలందరూ కావాలి. అందుకే చిన్న బడిలో ఒకే అమ్మాయి ఆగస్టులో వాలీబాల్, డిసెంబరులో బాస్కెట్‌బాల్, ఏప్రిల్‌లో పరుగు పందెం ఆడుతుంది. చాలా రాష్ట్రాల్లో బళ్లను పిల్లల సంఖ్యను బట్టి తరగతులుగా విడదీస్తారు. చిన్న బడి చిన్న బడితోనే పోటీ పడుతుంది. పిల్లలు మరీ తక్కువైతే పక్క ఊరి బడితో కలిసి ఒకే జట్టు కడతారు.

ఆడాలంటే కొన్ని షరతులు ఉంటాయి. డాక్టరు పరీక్ష చేసి కాగితం రాసి ఇవ్వాలి. తల్లో తండ్రో సంతకం పెట్టాలి. పాఠాలు తప్పకూడదు. టెక్సాస్ రాష్ట్రంలో అయితే 1984లో దీని మీద ఏకంగా చట్టమే చేశారు. ఒక్క పాఠం తప్పినా కొన్ని వారాలు ఆట బంద్. కొన్ని ఊళ్లలో ఆటకు వేరే ఫీజు కూడా వసూలు చేస్తారు. చదువు ఉచితం, ఆట మాత్రం డబ్బులకు! పేద పిల్లలకు తగ్గిస్తామంటారు. అయినా అడగడానికి సిగ్గుపడి మానేసే పిల్లలు ఉంటారు కదా.

తలకు దెబ్బ తగిలితే ఏం చేయాలన్నదానికీ చట్టం ఉంది. ముందుగా వాషింగ్టన్ రాష్ట్రం 2009లో చేసింది. తరువాత అన్ని రాష్ట్రాలూ ఇలాంటి చట్టాలు చేశాయి. తలకు దెబ్బ తగిలిందని అనుమానం వస్తే పిల్లను వెంటనే ఆట నుంచి తప్పించాలి. వైద్యం తెలిసినవాళ్లు కాగితం రాసి ఇచ్చేదాకా మళ్లీ మైదానంలోకి దింపకూడదు. "ఏం కాలేదులే, ఆడు" అనడానికి వీల్లేదు.

ఆడపిల్లలు ఎక్కడ?

ఇప్పుడు 50 ఏళ్లు వెనక్కి వెళ్దాం.

1971–72 చదువుల సంవత్సరం. అమెరికా హైస్కూళ్లలో బడి జట్ల తరఫున ఆడిన మగపిల్లలు 36 లక్షల 66 వేల మంది. ఆడపిల్లలు 2 లక్షల 94 వేల మంది. లెక్క వేసి చూడండి. 12 మంది మగపిల్లలు ఆడితే, ఒక్క ఆడపిల్ల ఆడింది.

మిగతా ఆడపిల్లలు ఏం చేశారు? మైదానం గట్టు మీద నిలబడి, గంతులు వేసి, అరిచి మగపిల్లలకు ఉత్సాహం తెప్పించారు. ఆడపిల్లలకు అక్కడక్కడా జట్టు ఉన్నా, మగపిల్లలు వదిలిన గంటల్లో ఆడుకోవాలి. బట్టలు కావాలంటే ఇంట్లో కేకులు చేసి అమ్మి డబ్బు పోగు చేసుకోవాలి.

ఇండియానా అనే రాష్ట్రంలో బాస్కెట్‌బాల్ అంటే పిచ్చి. అక్కడ హైస్కూలు మగపిల్లలకు రాష్ట్ర పోటీలు 1911లోనే మొదలయ్యాయి. ఆడపిల్లలకు? 1976లో. మధ్యలో 65 ఏళ్లు. పోటీలు మొదలైన నాడు పుట్టిన పిల్ల తన మనవరాలి ఆట చూడాల్సి వచ్చింది.

కనెక్టికట్ రాష్ట్రంలో హామ్డెన్ అని ఒక శివారు పట్టణం ఉంది. అక్కడి ప్రభుత్వ హైస్కూల్లో చదివే ఒక అమ్మాయి బాగా పరుగెత్తేది. దూరం పరుగుకు ఆడపిల్లల జట్టు లేదు. మగపిల్లల జట్టులో కలిసి పరుగెత్తుతానంది. బళ్ల ఆటల సంఘం రూలు ఒప్పుకోలేదు. ఆ అమ్మాయి కోర్టుకు వెళ్లింది. 1971లో జడ్జి తీర్పు చెప్పాడు. ఆటల పోటీలు మన అబ్బాయిలకు మంచి గుణం నేర్పుతాయి, రేపటి స్త్రీలు కావలసిన మన అమ్మాయిలకు ఆ రకం గుణం అక్కర్లేదు అన్నాడు. అమ్మాయి ఓడిపోయింది. పరుగులో కాదు, కోర్టులో.

"ఆడదానికి చదువెందుకు?" అన్న మాట విన్నవాళ్లకు ఈ జడ్జి మాట కొత్తగా ఉండదు. దేశం వేరు, మాట అదే.

ఒక్క వాక్యం

ఆ మరుసటి సంవత్సరమే ఒక చట్టం వచ్చింది. 1972 జూన్ 23న అప్పటి అధ్యక్షుడు నిక్సన్ దాని మీద సంతకం చేశాడు. అది ఒక పెద్ద చదువుల చట్టంలో తొమ్మిదో భాగం. అందుకే దాన్ని "టైటిల్ నైన్" అంటారు. నైన్ అంటే తొమ్మిది.

దానిలో అసలు మాట ఒక్క వాక్యమే. ఇంగ్లీషులో 37 మాటలు. దాని సారం ఇది: కేంద్ర ప్రభుత్వం డబ్బు తీసుకునే ఏ చదువుల కార్యక్రమంలోనూ, ఆడ మగ అన్న కారణంతో ఎవరినీ బయట ఉంచకూడదు, ఎవరికీ లాభం ఆపకూడదు, ఎవరినీ తక్కువ చేయకూడదు.

ఇందాక చెప్పిన ఆ కొంచెం డబ్బు గుర్తుందా? వాషింగ్టన్ నుంచి బడికి వచ్చే డబ్బు? అది తీసుకుంటే ఈ వాక్యానికి లోబడాలి. దాదాపు ప్రభుత్వ బళ్లన్నీ ఆ డబ్బు తీసుకుంటాయి. అంటే దాదాపు బళ్లన్నీ లోబడాలి.

తమాషా ఏమిటంటే, ఆ వాక్యంలో "ఆట" అన్న మాటే లేదు. చట్టం చేసినవాళ్లు ఎక్కువగా కాలేజీ సీట్ల గురించి, ఉద్యోగాల గురించి ఆలోచించారు. వాళ్లలో ఒకామె పేరు ప్యాట్సీ మింక్. హవాయి దీవుల మనిషి. ఆమె తాతలు జపాను నుంచి వచ్చినవాళ్లు. ఆమె డాక్టరు కావాలనుకుంది. వైద్య కళాశాలలు ఆడపిల్ల అని సీటు ఇవ్వలేదు. లా చదివి వకీలు అయింది. పెళ్లయింది, బిడ్డ ఉంది అని పని ఇవ్వడానికి వకీళ్ల ఆఫీసులు వెనకాడాయి. ఆమె రాజకీయాల్లోకి దిగింది. 1964లో అమెరికా పార్లమెంటుకు ఎన్నికైంది. తెల్లజాతి కాని స్త్రీ అక్కడికి ఎన్నిక కావడం అదే మొదటిసారి. తనకు మూసిన తలుపులు ఇంకో ఆడపిల్లకు మూయకూడదని ఆమె, ఇడిత్ గ్రీన్ అనే మరో సభ్యురాలు, బర్చ్ బై అనే సెనేటరు, ఇంకా చాలామంది కలిసి ఈ చట్టం సాధించారు. 2002లో మింక్ చనిపోయాక ఆ చట్టానికి ఆమె పేరే పెట్టారు.

చట్టం వచ్చిన వెంటనే బళ్లు మారలేదు. రూల్స్ రాయడానికే మూడేళ్లు పట్టింది. 1975లో రూల్స్ వచ్చాయి. సర్దుకోవడానికి హైస్కూళ్లకు 1978 దాకా గడువు ఇచ్చారు.

ఆ రూల్స్ ఏం చెబుతాయి? ప్రతి పైసా సగం సగం పంచమని చెప్పవు. ఫుట్‌బాల్ బట్టలకు ఎక్కువ ఖర్చవుతుంది, పరుగు పందేనికి తక్కువ. అది తప్పు కాదు. కానీ ఆడే అవకాశం సమానంగా ఉండాలి. మైదానం, సామాను, నేర్పే మనిషి, ఆడే వేళ, ప్రయాణం, బట్టలు మార్చుకునే గది, ఇవన్నీ కలిపి చూస్తే ఎవరికీ తక్కువ కాకూడదు.

"మగపిల్లల మైదానానికి ఊరి పెద్దలు చందా ఇచ్చారు, బడి డబ్బు కాదు" అంటే చెల్లదు. చందా తీసుకున్న తరువాత ఆ తేడాకు బడే జవాబుదారీ. రెండో పక్క ఆడపిల్లలకు కూడా బడి సర్దాలి.

రెండు మైదానాలు

చట్టం కాగితం మీద ఉంది. మైదానంలో ఎలా ఉంది?

ఫ్లోరిడా రాష్ట్రంలో మెరిట్ ఐలాండ్ అనే ఊరు ఉంది. సముద్రం పక్కన, రాకెట్లు ఎగరేసే చోటుకు దగ్గర. అక్కడి ప్రభుత్వ హైస్కూల్లో మగపిల్లలు బేస్‌బాల్ ఆడతారు. కర్రతో బంతిని కొట్టి పరుగు తీసే ఆట అది. క్రికెట్‌కు దూరపు చుట్టం అనుకోవచ్చు. ఆడపిల్లలు సాఫ్ట్‌బాల్ ఆడతారు. కొంచెం పెద్ద బంతితో ఆడే అలాంటి ఆటే.

మగపిల్లల మైదానంలో కరెంటు దీపాలు ఉన్నాయి. రాత్రి పూట ఆడుకోవచ్చు. కరెంటుతో వెలిగే స్కోరు బోర్డు ఉంది. బంతి కొట్టడం నేర్చుకోవడానికి వల కట్టిన చోటు ఉంది. జనం కూర్చోవడానికి మంచి మెట్లు ఉన్నాయి. తినుబండారాల కొట్టు, మైకులో చెప్పే మనిషికి గది, మరుగుదొడ్లు, అన్నీ ఉన్నాయి.

ఆడపిల్లల మైదానంలో దీపాలు లేవు. అలాంటి బోర్డు లేదు. మరుగుదొడ్డి లేదు.

దీపాలు లేకపోతే ఏమవుతుంది? ఆట పగలే అయిపోవాలి. పగలు అమ్మానాన్నలు పనికి పోతారు. పిల్ల ఆట చూసేవాళ్లు ఉండరు. జనం రాకపోతే కొట్టు నడవదు. కొట్టు నడవకపోతే డబ్బు రాదు. డబ్బు లేదు కాబట్టి దీపాలు లేవు అంటారు. ఈ చక్రం ఎక్కడ మొదలైందో ఎవరూ చెప్పరు. మరుగుదొడ్డి సంగతి ఆడవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఆ జట్టులోని ఒకే ఇంటి ఆడపిల్లలు ఇద్దరు, తండ్రి తోడుగా, కోర్టుకు వెళ్లారు. 1997లో కోర్టు వాళ్ల మాట నిజమంది. తేడాలు సరిచేసే ఉపాయం చెప్పమని స్కూలు బోర్డును అడిగింది.

బోర్డు ఏం ఉపాయం చెప్పిందో వినండి. డబ్బు ఖర్చు చేయకుండా సమానం చేస్తామంది. ఎలా? మగపిల్లల స్కోరు బోర్డు ఆపేస్తాం. వాళ్ల మెట్లకు తాడు కట్టి కొన్ని మూసేస్తాం. గది మూసేస్తాం. దీపాలు ఆర్పేస్తాం. అప్పుడు ఇద్దరికీ సమానమే కదా!

ఇద్దరు పిల్లల్లో ఒకరికి అన్నం పెట్టలేదని నిలదీస్తే, రెండో పిల్ల కంచం కూడా లాగేసినట్టుంది ఇది. జడ్జికీ అలాగే అనిపించింది. ఇది సరిచేయడంలా లేదు, కక్ష తీర్చుకోవడంలా ఉంది అన్నాడు. ఆ ఉపాయంలోని దుర్మార్గం ఇంకొకటి ఉంది. దీపాలు ఆర్పేస్తే మగపిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు ఎవరిని తిడతారు? బోర్డును కాదు. అడిగిన ఆ ఇద్దరు ఆడపిల్లలనే.

అడిగినవాళ్ల మీద కోపం చూపడం అక్కడా ఉంది. అలబామా రాష్ట్రంలో బర్మింగ్‌హామ్ అనే నగరం. అక్కడి ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఆడపిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పే మాస్టారు ఒకాయన తన జట్టుకు మంచి సామాను, మంచి చోటు ఇవ్వడం లేదని పైవాళ్లకు చెప్పాడు. కొన్నాళ్లకు ఆయనను ఆట నేర్పే పని నుంచి తీసేశారు. కేసు దేశపు అత్యున్నత కోర్టు దాకా వెళ్లింది. 2005లో తొమ్మిది మంది జడ్జీల్లో అయిదుగురు ఆయన పక్షాన నిలిచారు. అన్యాయం ఉందని చెప్పినవాళ్ల మీద పగ తీర్చుకోవడం కూడా ఆ చట్టం కిందికే వస్తుందని తీర్పు ఇచ్చారు. ఒక్క ఓటు తేడాతో.

ఇద్దరు తల్లులు

మిషిగన్ రాష్ట్రం సంగతి ఇంకా చిత్రమైనది. అక్కడ గొడవ మైదానం మీద కాదు, నెలల మీద.

దేశమంతా ఆడపిల్లలు వాలీబాల్‌ను ఆగస్టు నుంచి నవంబరు దాకా ఆడతారు. బాస్కెట్‌బాల్‌ను చలికాలంలో ఆడతారు. మిషిగన్‌లో ఆడపిల్లలకు ఇది తలకిందులు. వాలీబాల్ చలికాలంలో, బాస్కెట్‌బాల్ ముందు. ఇంకొన్ని ఆటలకూ ఇలాగే. మగపిల్లల ఆటలు మాత్రం మామూలు నెలల్లోనే జరిగేవి.

నెల మారితే ఏమిటి నష్టం? అనిపించవచ్చు. నష్టం ఉంది. అక్కడ బాగా ఆడే పిల్లలకు కాలేజీలు చదువు ఖర్చు తామే పెట్టుకుని సీటు ఇస్తాయి. కాలేజీ వాళ్లు హైస్కూలు పిల్లల ఆట చూసి ఎంచుకోవడానికి ఒక కాలం ఉంటుంది. ఆ కాలంలో ఆట లేకపోతే ఎవరు చూస్తారు? పొలం పని అయిపోయాక కూలికి వెళ్లినట్టే.

గ్రాండ్ రాపిడ్స్ అనే పట్నం వైపు ఉన్న తల్లిదండ్రులు కొందరు ఒక సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘం, దానితో పాటు ఇద్దరు తల్లులు, 1998లో రాష్ట్ర బళ్ల ఆటల సంఘం మీద కేసు వేశారు.

ఆటల సంఘానికీ ఒక వాదన ఉంది. అది వినాలి. బళ్లలో కప్పు కింద ఆడే చోటు ఒకటే ఉంటుంది, నేర్పేవాళ్లు తక్కువ, ఇద్దరినీ ఒకే కాలంలో ఆడిస్తే చోటు చాలదు, వేరే కాలంలో పెట్టడం వల్లే ఎక్కువమంది ఆడగలుగుతున్నారు అని వాళ్లు చెప్పారు. చిన్న బళ్లకు ఇది నిజమైన ఇబ్బందే. కొన్ని బళ్లలో ఆడపిల్లలకే ఆ పద్ధతి నచ్చింది కూడా.

కోర్టు 2001లో తల్లుల పక్షాన తీర్పు చెప్పింది. చోటు చాలకపోతే ఎవరో ఒకరు సర్దుకోవాలి, నిజమే. కానీ ఎప్పుడూ ఆడపిల్లలే ఎందుకు సర్దుకోవాలి? కొన్ని ఆటల్లో మగపిల్లలు, కొన్ని ఆటల్లో ఆడపిల్లలు సర్దుకోవచ్చు కదా. కోర్టు పట్టుకున్నది ఈ ప్రశ్ననే.

ఆటల సంఘం పై కోర్టుకు వెళ్లింది. మళ్లీ ఇంకా పైకి వెళ్లింది. 2007లో అత్యున్నత కోర్టు ఇక వినం అంది. 2007–08 చదువుల సంవత్సరం నుంచి మిషిగన్ ఆడపిల్లలు వాలీబాల్‌ను మిగతా దేశంతో పాటు ఆడటం మొదలుపెట్టారు. మగపిల్లల ఆటలు కొన్ని కూడా నెల మార్చుకున్నాయి. ఆ తల్లుల వకీళ్ల ఖర్చు కూడా ఆటల సంఘమే కట్టాలని కోర్టు చెప్పింది.

కేసు వేసిన నాటి నుంచి తొమ్మిదేళ్లు గడిచాయి. హైస్కూలు నాలుగేళ్లే. 1998లో బడిలో ఉన్న ఏ అమ్మాయీ 2007 దాకా ఉండదు. ఎవరి కోసం కేసు మొదలైందో వాళ్లకు అది అందలేదు. తరువాత వచ్చిన పిల్లలకు అందింది.

ఇప్పుడు

2018–19 సంవత్సరంలో అమెరికా హైస్కూలు జట్లలో ఆడపిల్లల లెక్క 34 లక్షలు దాటింది. మగపిల్లల లెక్క 45 లక్షలు దాటింది. 2 లక్షల 94 వేల నుంచి 34 లక్షలకు. పదకొండు రెట్ల కంటే ఎక్కువ. అయినా సమానం కాలేదు. 1972కు ముందు మగపిల్లలు ఎంతమంది ఆడారో, అంతమంది ఆడపిల్లలు 2018–19లో కూడా ఆడలేదు.

తేడాకు ఒక కారణం ఫుట్‌బాల్. ఒక్కో జట్టులో చాలామంది మగపిల్లలు ఉంటారు. ఆడపిల్లలకు అంత పెద్ద జట్టు ఉండే ఆట లేదు. ఈమధ్య కొన్ని రాష్ట్రాల్లో ఆడపిల్లలకు కూడా ఒక రకం ఫుట్‌బాల్ పెట్టారు. ఇందులో మీద పడి తోయడం ఉండదు. నడుముకు గుడ్డపీలిక కట్టుకుంటారు. అవతలివాళ్లు ఆ పీలిక లాగేస్తే ఆగిపోవాలి. కాలిఫోర్నియా రాష్ట్రం 2023లో దీన్ని హైస్కూలు ఆటగా గుర్తించింది.

ఏదైనా బడిలో తేడా ఉందనిపిస్తే కేంద్ర విద్యాశాఖలో హక్కుల కార్యాలయానికి ఫిర్యాదు రాసి పంపవచ్చు. ఫీజు లేదు. వకీలు అక్కర్లేదు. కానీ ముందు లెక్క కావాలి. కాలేజీలు ఆటల లెక్కలు ఏటా బయట పెట్టాలని దేశమంతటికీ ఒక చట్టం ఉంది. హైస్కూళ్లకు అలాంటి దేశవ్యాప్త చట్టం లేదు. అందుకే చాలా ఊళ్లలో లెక్క తీసేది తల్లిదండ్రులే. మగపిల్లల జట్లు ఎన్ని, ఆడపిల్లల జట్లు ఎన్ని? ఏ జట్టుకు బస్సు ఇచ్చారు, ఏ జట్టును తల్లిదండ్రుల కార్లలో పంపారు? సాయంత్రం మంచి వేళ ఎవరికి, రాత్రి తొమ్మిదింటి వేళ ఎవరికి? ఇవి తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. నోటుబుక్కు, పెన్సిలు, ఓపిక ఉండాలి.

మన అమ్మమ్మ ఒక మంగళవారం సాయంత్రం కూతురితో కలిసి బడికి వెళ్లింది. చలిగా ఉందని చీర మీద స్వెట్టరు వేసుకుంది. లోపల కప్పు కింద వల కట్టారు. పెద్ద దీపాలు వెలుగుతున్నాయి. చెక్క మెట్ల మీద నలభై యాభై మంది కూర్చున్నారు. మనవరాలు మోకాళ్లకు పట్టీలు కట్టుకుని, జుట్టు పైకి ముడి వేసుకుని నిలబడింది.

"ఏం రూలో నాకేం తెలుసే?" అంది అమ్మమ్మ.

"బంతి మనవైపు నేల మీద పడకూడదమ్మా. అంతే. 25 వస్తే ఆ ఆట గెలిచినట్టు. కానీ రెండు తేడా ఉండాలి."

గోడ మీద బోర్డు ఉంది. ఇంగ్లీషు అక్షరాలు అమ్మమ్మకు రావు. అంకెలు మాత్రం తను రాత్రి బడిలో నేర్చుకున్నవే. 22, 21. 23, 22. ఆమె ఒక్కో అంకె పైకి చదువుతోంది. పక్కన కూర్చున్న తెల్లావిడ ఆమె వైపు చూసి నవ్వింది. 24, 23.

బంతి ఎగిరింది. మనవరాలు కింద పడి మరీ దాన్ని పైకి లేపింది. ఇంకో పిల్ల కొట్టింది. అవతల నేల మీద పడింది.

"ఇరవై అయిదే!" అని అమ్మమ్మ లేచి నిలబడింది.